అవ్వనెందుకడగలేదు?

"చదువు! గట్టిగా చదువు! వీధి వీధంతా చదివేసింది. ఇంట్లోవాళ్ళం మేమేం పాపం చేసినాం? మాకూ చదివి వినిపించు!"

మునిశేఖర్ విసిరిన పేపరు తిన్నగా వచ్చి హేమశ్రీ ముందున్న ఇడ్లీ పళ్ళెంలో పడింది. చట్నీ చింది జిల్లా పేజీ సగం తడిసింది. ఆ తడిసిన సగంలోనే ఉంది వార్త.

హేమశ్రీ పేపరు ముట్టుకోలేదు. తెల్లారేసరికే స్నేహితురాళ్ళు ఆ వార్తను ఆమె ఫోనుకు పంపించారు, కింద చప్పట్ల బొమ్మలు పెట్టి. ఆ లాడ్జి హేమశ్రీ వాళ్ళదేనని చప్పట్లు కొట్టిన వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తెలిసినవాళ్ళు చప్పట్లు కొట్టలేదు. వాళ్ళు పొద్దున్నించి ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చి, లోపలికి తొంగిచూసి పోతున్నారు.

'కన్నకూతురికే గది ఇవ్వని లాడ్జి' అని శీర్షిక పెట్టారు. యూనివర్సిటీలో సోషియాలజీ అయిదేళ్ళ కోర్సు చదివే విద్యార్థిని ఒకామె, ఈ క్షేత్రానికి ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళకు గది ఎందుకు దొరకదో పరిశోధన చేసిందట. తిరుచానూరులో ఒక లాడ్జి యజమాని, అత్తింట్లో దెబ్బలు తాళలేక వచ్చిన సొంత కూతురిని కూడా 'ఒంటరి ఆడదానికి గది లేదు' అని కౌంటరు దగ్గర్నుంచే పంపేశాడట. సెమినార్లో ఆ మాట చెప్పినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టిందట. ఆ హాల్లో ఒక విలేకరి కూర్చుని ఉన్నాడన్న సంగతి హేమశ్రీకి ఈ పొద్దున దాకా తెలియదు.

"నేను పేర్లన్నీ మార్చినా నాయనా," అంది. "లాడ్జి పేరు రాయలేదు. తాత పేరు రాయలేదు. అత్త పేరూ రాయలేదు."

"పేర్లు మార్చినావా? మెట్ల కింద కౌంటరు, దాని పక్కన అరుగు మింద కూర్చోని పూలు కట్టే ముసిలామె అని రాసినావు గదా! ఈ తిరుచానూరులో మెట్ల కింద కౌంటరుండే లాడ్జి ఇంకోటి చూపీ నాకు. పోదాం పద, వీధులన్నీ తిరుగుదాం, చూపీ!"

మూడేళ్ళు సమాజశాస్త్రం చదివి, మనుషుల పేర్లన్నీ జాగ్రత్తగా మార్చి, మెట్లను మార్చడం మరిచిపోయింది పిల్ల.

ఎదురు లాడ్జి శాంతయ్య అప్పటికే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఓదార్చడానికి వచ్చానన్నాడు. ఓదార్చడానికి వచ్చినవాడి మొహం అంత కళగా ఉండదు.

"శేఖరా, కోపం తగ్గించుకో అబ్బా," అన్నాడు. "చిన్నబిడ్డ, తెలీక రాసింది. కాకపోతే చచ్చి స్వర్గానుండే మీ నాయన మునిరామయ్య మామని ఇట్లా వీధిలోకి లాగేది... ఆ మహానుభావుడు చేతికి ఎముక లేకుండా దానం చేసినోడు. నా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయప్పా పేపరు చూస్తానే."

"మీ లాడ్జి గురించి కూడా రాసినా మామా," అంది హేమశ్రీ. "రెండో అధ్యాయం మీదే. ఒంటరిగా వచ్చిన టీచరమ్మని వానలో నిలబెట్టింది. పేపరువాళ్ళ దాకా పోలేదు కానీ, అది కూడా వస్తుందేమోలే, తొందరపడాకు."

శాంతయ్య కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. వంటింటి గడపలో నిలబడిన రుక్మిణమ్మకు, కూతురి మీద ఎంత కోపంగా ఉన్నా, నవ్వు ఆగక కొంగు అడ్డం పెట్టుకుంది.

"పెద్దోళ్ళతో మాట్లాడేది ఇట్లనేనా?" మునిశేఖర్ గొంతు ఇంకాస్త లేచింది. "మాకేమన్నా సరదానా ఒంటరోళ్ళకి గది లేదనేది? ఎవురో ఒకామె యాడ్నించో ఏడ్చుకుంటా వస్తుంది. గది తీసుకుంటుంది. తలుపేసుకోని ఏమన్నా చేసుకునిందనుకో, స్టేషన్లో కూర్చునేది ఎవురు? నువ్వా? మీ మేడమా? పదిమంది యాత్రికులొచ్చే చోట ఆ తలుపు పగలగొట్టే పని నీకు పెడితే తెలుస్తుంది."

"అది కూడా రాసినా. లాడ్జీ వాళ్ళ భయం అని వేరే అధ్యాయమే ఉంది. నీ భయం నాకు తెలుసు నాయనా. కానీ అత్త ఎవురో ఒకామె కాదు గదా! యాడ్నించో రాలేదు గదా! ఇంటికొచ్చింది. పుట్టింటికొచ్చింది. వంటింటి వాకిలి తెరిచిపెట్టి రా అమ్మా అనాల్సిన మనిషి కౌంటరులో కూర్చోని రూలు చెప్పినాడే, దాన్ని ఏమంటారు? ఆయన చచ్చిపోయినాడని నేను నోరు మూసుకోవాల్నా?"

మునిశేఖర్ చెయ్యి లేచింది. రుక్మిణమ్మ ఒక్క ఉదుటున వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఆ చెయ్యి దించబ్బా," అంది. "పెరిగిన బిడ్డ. దించు."

చెయ్యి దిగింది. గొంతు దిగలేదు.

"ఇంగ చాలు. మూడేండ్లు చదివినావు. మీ కోర్సులో మూడేండ్లకి బయటికొస్తే డిగ్రీ ఇస్తారని నువ్వే చెప్పినావు గదా చేరేటప్పుడు. ఆ డిగ్రీ తెచ్చుకో, ఇంట్లో కూర్చో. ఎమ్మే వద్దు, గిమ్మే వద్దు. ఇంకా రెండేండ్లు చదివితే మా అందరి బట్టలూ విప్పి వీధిలో ఆరేస్తావు నువ్వు."

"నేను మానను."

"మానతావు."

"మానను నాయనా. ఈ కోర్సు కోసం ఇంజనీరింగు సీటు వదులుకున్నా. సోషియాలజీ చదివి ఏం చేస్తావని ఈ వీధిలో నన్ను చూసి నవ్వని వాళ్ళు లేరు. అన్నీ పడినా. మీరు అరిస్తే మానేస్తానా?"

అప్పుడు మోగింది ఆమె ఫోను. జాహ్నవి మేడం. మూడేళ్ళుగా హేమశ్రీకి పాఠం చెప్పి, ఈ ప్రాజెక్టు చేయించిన మనిషి.

హేమశ్రీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. మేడం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒకటే అడిగింది.

"హేమా, ఆ తల్లి చెప్పిన సంగతి ఉందే, నాలుగో అధ్యాయం. ఆవిడ ఒప్పుకునే చెప్పిందా? రాసుకుంటానని ఆవిడతో చెప్పావా?"

"ఆవిడ మా అవ్వ, మేడం."

"అది తెలిసింది. చెప్పావా, లేదా?"

బస్టాండులో పడుకున్న ఆడవాళ్ళను అడిగింది. రైల్వేస్టేషన్లో కూర్చున్న వాళ్ళను అడిగింది. ఒకామె చెప్పిందంతా చెప్పి, మరునాడు ఫోను చేసి వద్దంటే, ఆమె మాటలన్నీ తీసేసింది కూడా. అంత పద్ధతిగా చేసిన పిల్లకు, ఇంట్లో అవ్వను అడగాలన్న ఆలోచనే రాలేదు. మనవాళ్ళను ఎవరన్నా అడుగుతారా?

"సాయంత్రంలోగా ఆవిడ ఒప్పుకుంటే ఆ అధ్యాయం ఉంటుంది," అంది మేడం. "లేకపోతే తీసెయ్యాలి. అది తీసేస్తే నీ ప్రాజెక్టులో మిగిలేది ఏమీ లేదని నీకూ తెలుసు. ప్రాజెక్టు లేకుండా నాలుగో ఏడులోకి నిన్ను తీసుకోవడం నా చేతుల్లో లేదు. మూడేళ్ళ డిగ్రీతో ఆగిపోవాల్సి వస్తుంది. వెళ్ళి ఆవిడతో మాట్లాడు."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి నాన్న మొహంలో కొత్త ధీమా కనిపించింది. సగం విన్నాడు. ఆ సగం ఆయనకు చాలు.

"పో, అడుగు," అన్నాడు. "మా యమ్మనే అడుగు. చెప్తుంది."

వరదమ్మ ఇంటికి ముందువైపే ఉన్న లాడ్జి కౌంటరు పక్కన అరుగు మీద కూర్చుని ఉంది. రోజూ లాగే కనకాంబరాలు కడుతోంది. పొద్దున్నించి ఇంట్లో ఇంత గొడవ జరుగుతుంటే ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. అదే హేమశ్రీకి అన్నిటికన్నా భయంగా ఉంది. తిట్టడంలో వరదమ్మకు ఈ వీధిలో సాటి లేరు. అలాంటి మనిషి నోరు విప్పలేదంటే లోపల ఎంత మండుతోందో!

హేమశ్రీ వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. వెనకే మునిశేఖర్ వచ్చి కౌంటరుకు ఆనుకుని నిలబడ్డాడు. శాంతయ్య తన కుర్చీ కూడా మోసుకొచ్చాడు.

"అవ్వా."

వరదమ్మ తలెత్తలేదు.

"అవ్వా, నువ్వు నాకు చెప్పిన అత్త సంగతి..."

"బస్టాండులో ఆడోళ్ళ కాడికి పోయినావంటనే," అంది వరదమ్మ, చెయ్యి ఆపకుండా. "వాళ్ళని అడిగినావా?"

"అడిగినా."

"ఏమని అడిగినావు?"

"మీ మాటలు రాసుకుంటాను, ఇష్టమైతేనే చెప్పండి, తర్వాత వద్దనిపిస్తే తీసేస్తాను అని."

"ముక్కూ మొహం తెలీనోళ్ళకి అంత మర్యాద చేసినావు. మంచిది. నన్నెందుకు అడగలా?"

"నువ్వు మా అవ్వవి గదా."

"అయితే?"

హేమశ్రీ తల దించుకుని మెట్టు అంచు గోటితో గీకింది.

"అయితే ఏమే? మీ అవ్వనైతే నా నోట్లో మాట నీ సొత్తా? ఆ పొద్దు నువ్వు నా ఒళ్ళో తల పెట్టుకోని పడుకోనుంటివి. తలలో పేలు చూస్తా చెప్తి. చెప్తా చెప్తా ఏడిస్తి. నువ్వు నా కండ్లు తుడిస్తివి. ఇప్పుడు చెప్పు. ఆ పొద్దు నేను నా మనవరాలితో మాట్లాడినానా, మీ కాలేజీతో మాట్లాడినానా?"

గొంతు పెద్దది చేయలేదు వరదమ్మ. హేమశ్రీకి చెంప మీద కొట్టినట్టయింది. నాన్న అరుపులకు అరుపుతో జవాబు చెప్పగలిగింది. దీనికి ఏం చెప్పాలి? తన మీద తనకే కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎటు పోవాలో తెలియక కళ్ళల్లోకి వచ్చింది.

"తప్పయిపోయిందవ్వా."

"అయింది. శానా పెద్ద తప్పు. ఇప్పుడొచ్చి నేను ఒప్పుకోవాలంటావు. నేను ఒప్పుకోను."

"అద్దీ!" అన్నాడు మునిశేఖర్. కౌంటరు మీద ఒక్క చరుపు చరిచాడు. "ఇన్నావా? మా యమ్మ చెప్పింది. అయిపాయ. ఇంగ ఈ చదువు మాట ఈ ఇంట్లో..."

"నువ్వు నోరు మూస్తావా?"

వరదమ్మ అప్పటికి తలెత్తింది.

"నీ కోసరం చెప్పలా నేను. ఎగరాకు. ఒప్పుకోనంటే, ఒప్పుకునే హక్కు నాకు లేదని. ఆ దెబ్బలు తినింది నేను గాదు. ఆ వానలో తిరిగిపోయింది నేను గాదు. అది మోహన సంగతి. మోహనని అడగాల. అది సరేనంటే సరే. కాదంటే చించి పారేయాల. నడుమ మీరెవురు, నేనెవురు?"

మోహన. ఆ పేరు ఆ ఇంట్లో బయటికి పలికి ఇరవై ఏళ్ళు దాటింది. అందరి ముందూ పలకగా హేమశ్రీ ఒక్కసారి కూడా వినలేదు. అత్త ఒకామె ఉందని తెలియడమే మొన్న వేసవిలో, అవ్వ ఒళ్ళో.

"ఆ పేరు ఎత్తద్దని చెప్పినానా లేదా?" అన్నాడు మునిశేఖర్. ఈసారి గొంతులో అరుపు లేదు. ఏదో తొట్రుపాటు ఉంది. "అది యాడుండాదో, ఏమయిపోయిందో..."

"చిత్తూరులో ఉండాది," అంది వరదమ్మ. "కోర్టు ఎదురుగ్గా టైపు సెంటరు పెట్టుకోనుండాది. మొన్నే కండ్ల ఆపరేషన్ చేయించుకునింది."

రొంట్లోంచి చిన్న బటన్ల ఫోను తీసింది.

"నీకెట్లా తెలుసు?" మునిశేఖర్ మొహం పాలిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి మాట్లాడతా ఉండావు దాంతో?"

"నువ్వు ఆ పేరెత్తద్దన్న కాడ్నించి. పొద్దున్నే నువ్వు గుడి కాడికి పోతావే, అప్పుడు."

ఆమె నొక్కిన నంబరుకు అవతల ఫోను మోగింది. వరదమ్మ ఏదో బటను నొక్కి, అందరికీ వినబడేట్టు చేసి అరుగు మీద, పూల పక్కన పెట్టింది. ఆ తెలివితేటలు కూడా ఈ ముసలామెకు ఉన్నాయని ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఏమ్మా, ఇప్పుడు చేసినావు?" అంది అవతలి గొంతు. వెనకాల ఏదో మిషను టకటకలాడుతోంది.

హేమశ్రీ ఫోను దగ్గరికి వంగింది. "అత్తా, నేను... హేమశ్రీని. శేఖర్ కూతుర్ని."

మిషను చప్పుడు ఆగింది.

"పేపరు చూసినా," అంది మోహన. "వకీలు ఒకాయన షాపుకొచ్చి చదివినాడు. చదివి, 'ఇట్లాంటి నాయనలు గూడా ఉంటారామ్మా' అన్నాడు. నా ఎదురుగ్గా నిలబడి. నేను తల దించుకోని టైపు కొడతా కూర్చున్నా."

"అత్తా, నిన్నడగకుండా రాసినందుకు..."

"నన్నడగలేదని నాకు కోపం ఉండాది. శానా ఉండాది. అది తీరేది కాదు, నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ముందు ఇది చెప్పు. మా నాయన మింద అట్లా ఎందుకు రాసినావు?"

"జరిగిందే రాసినా అత్తా. తాత నిన్ను..."

"ఎవురు చెప్పినారు నీకు?"

"అవ్వ."

వరదమ్మ చేతిలో దారం ఆగిపోయింది.

"అమ్మా," అంది మోహన. ఆ ఒక్క పిలుపులో ఎంత కోపముందో అంత దుఃఖమూ ఉంది. "నువ్వా చెప్పింది? చచ్చిపోయినోడు వచ్చి జవాబు చెప్పడని ఆయన మింద పెట్టినావా?"

వరదమ్మ కొడుకు వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో హేమశ్రీకి కనబడింది.

"నీకు తెలీదులే హేమా," అంది మోహన. "మా నాయన ఆ పొద్దు ఊర్లోనే లేడు. చెయ్యి ఇరిగి కట్టు కట్టించుకోను పుత్తూరు పోయినాడు. మా అమ్మ కూడా ఆయనతోనే పోయింది. నేనొచ్చేసరికి ఇంటికి తాళం. కౌంటరులో మా అన్న కూర్చోనున్నాడు. అన్నా అని పిలిస్తే తలెత్తి చూసినాడు. నా మొహం మింద దెబ్బలు చూసినాడు. ఒంటరి ఆడోళ్ళకి గది లేదు, మీ ఆయన్ని పిలుచుకోని రా పో అన్నాడు. ఎవురో ముక్కూ మొహం తెలీని దానితో చెప్పినట్టు. ఎదురు లాడ్జి శాంతయ్యన్న గూడా ఆడే ఉన్నాడు. ఆయన్నడుగు."

శాంతయ్య తన గోళ్ళు చూసుకోసాగాడు.

"నాకు పెండ్లి కుదురుతా ఉండింది," అన్నాడు మునిశేఖర్. ఎవరికి చెప్పాడో ఆయనకే తెలియదు. "మరుసటి దినం వాళ్ళొచ్చేది. ఆడబిడ్డ మొగుణ్ణి ఇడిచిపెట్టి ఇంట్లో కూర్చోనుందంటే... సంబంధం..."

"ఎవురి సంబంధం?"

రుక్మిణమ్మ వంటింటి గడప దాటి వచ్చింది. ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఎవురి సంబంధమబ్బా? నాదేనా? నా కోసరం నీ చెల్లెల్ని వీధిలోకి తోసినావా? మా యింట్లో ఒక్కరన్నా అడిగినారా నిన్ను, నీ చెల్లెలు మొగుడింట్లో ఉండాదా లేదా అని? ఇరవై ఏండ్లుగా నా చేత అన్నం పెట్టించుకుంటా, ఆ పాపం నా నెత్తిన పెట్టినావా?"

మునిశేఖర్ కౌంటరు అంచు పట్టుకున్నాడు.

"హేమా," అంది ఫోనులోంచి మోహన. "నేను ఒప్పుకుంటా. ఒక్క అక్షరం తీయద్దు, అట్లే ఉంచు. పేర్లు మార్చుకుంటావో, మెట్లు మార్చుకుంటావో నీ ఇష్టం. కానీ తండ్రి అనేది తీసేసి అన్న అని రాయి. నిజం రాస్తేనే నా ఒప్పుదల. లేకుంటే మా నాయన మింద పడిన ఆ మాట రేపటికల్లా ఉండకూడదు. అంతే."

ఫోను ఆగిపోయింది. వరదమ్మ దాన్ని తీసుకోలేదు.

హేమశ్రీ మెట్టు మీద నుంచి లేచింది. తాతనయితే రాయడం సులువుగా ఉండింది. పోయినవాడు, ఫోటోలో దండ కింద ఉన్నవాడు. ఎంత కోపమైనా పెట్టి రాసింది, సెమినార్లో గొంతెత్తి చదివింది, చప్పట్లు కొట్టించుకుంది. ఇప్పుడు ఆ వాక్యంలో కూర్చోవాల్సిన మనిషి ఎదురుగా, చొక్కా గుండీ ఊడిపోయి, కౌంటరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రాస్తే నాలుగో ఏడు ఉంటుంది. ఆయన తనకు నాన్నగా మిగులుతాడో లేదో తెలియదు. రాయకపోతే చదువు ఈ సాయంత్రంతో సరి.

"రాస్తావా పాపా?" అన్నాడు మునిశేఖర్. పొద్దున్నించి అరిచిన గొంతేనా ఇది అనిపించింది.

ఆమెకు జాలి వేయలేదు. ఒళ్ళంతా కోపమే. తాత పేరుకు మసి పూస్తూ పొద్దున్నించీ ఊరేగిన పిల్ల తాను. ఆ మసి ఎవరిదో తెలిసి కూడా తాత తరఫున కొట్టడానికి చెయ్యెత్తిన మనిషి ఆయన. పళ్ళు బిగబట్టుకుని, ఒక్కో మాటా తూచి అంది.

"అడక్కుండా రాసేది ఇంగ లేదు నాయనా. ఒకసారి చేసిన తప్పు చాలు. అడుగుతా ఉండా. అత్తని వెనక్కి పంపింది నువ్వేనని రాసుకునేదానికి ఒప్పుకుంటావా, ఒప్పుకోవా?"

మునిశేఖర్ తల్లి వైపు చూశాడు. వరదమ్మ పూలబుట్ట మీదికి వంగింది. భార్య వైపు చూశాడు. అటు కూడా చోటు లేదు.

శాంతయ్య మెల్లగా లేచి, కుర్చీ కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు.

"కూర్చో అన్నా," అంది రుక్మిణమ్మ. "ఆ పొద్దు గూడా నువ్వు ఈడనే ఉంటివంట గదా. ఈయప్ప ఏం చెప్తాడో అది గూడా విని పో."